మ్యాడ్ సీజన్: ఏడు రోజుల సంగీతం, ఒకే ఒక్క ఆల్బమ్

రాక్ సంగీతంలో సైడ్ ప్రాజెక్టులకు పెద్దగా గౌరవం దక్కదు. పేరున్న బ్యాండ్ల సభ్యులు తీరిక దొరికినప్పుడు చేసే కాలక్షేపంగానో, అసలు బ్యాండులో ఇమడని పాటలను వదిలించుకునే చోటుగానో వాటిని చూస్తారు. చాలావాటి విషయంలో ఆ అంచనా తప్పు కూడా కాదు. అయితే 1994 చివర సియాటిల్‌లో పుట్టి, 1995 మార్చిలో ఒక ఆల్బమ్ విడుదల చేసి, కొద్ది నెలల్లోనే ఆగిపోయిన మ్యాడ్ సీజన్ ఆ కోవలోకి రాదు. మత్తు మానేసిన ఇద్దరు సంగీతకారులు, ఇంకా మానలేకపోతున్న మరొకరిని తమ వైపు లాక్కోవాలన్న ఆశతో నిలబెట్టిన బ్యాండు అది. ఆ ఆశ నెరవేరలేదు. ఆల్బమ్ మాత్రం ఆ దశాబ్దపు అమెరికన్ రాక్‌లో దేనికీ తీసిపోని రచనగా నిలిచింది. ఈ రెండింటినీ విడివిడిగా చెప్పుకోవడం అలవాటైపోయింది గానీ, నిజానికి ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

అప్పటి సియాటిల్ సంగీత లోకం బయటివాళ్లు ఊహించుకున్నంత విశాలమైనది కాదు. పర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చైన్స్, స్క్రీమింగ్ ట్రీస్ అని ప్రపంచానికి వేర్వేరు పేర్లుగా వినిపించిన బ్యాండ్ల సభ్యులు ఒకరింట్లో ఒకరు ఉన్నవాళ్లు, ఒకే క్లబ్బుల్లో వాయించినవాళ్లు. 1990 మార్చి 19న మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్ మోతాదు మించి చనిపోయినప్పుడు, అంతకుముందు ఆయనతో ఒకే ఇంట్లో ఉన్న సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ ఆ దుఃఖంలో కొన్ని పాటలు రాసుకున్నాడు. వుడ్ బ్యాండులో మిగిలిన స్టోన్ గోసార్డ్, జెఫ్ అమెంట్‌లను కలుపుకొని వాటిని రికార్డు చేశాడు. టెంపుల్ ఆఫ్ ది డాగ్ అనే ఆ బ్యాండు కూడా ఒక్క ఆల్బమ్‌తోనే ఆగింది. అందులో గిటార్ వాయించిన కుర్రవాడు పర్ల్ జామ్ గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ. ఆ రికార్డింగ్ జరిగిన లండన్ బ్రిడ్జ్ స్టూడియోను నడిపింది రిక్ పరాశర్, రాజ్ పరాశర్ అనే భారత సంతతి సోదరులని మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. పర్ల్ జామ్ తొలి ఆల్బమ్ ‘టెన్’కు బ్యాండుతో కలిసి నిర్మాతగా వ్యవహరించింది కూడా రిక్ పరాశరే.

టెంపుల్ ఆఫ్ ది డాగ్ పోయిన స్నేహితుడికి నివాళి. మ్యాడ్ సీజన్ కాపాడాలనుకున్న స్నేహితుడు అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. రెండింటికీ మధ్య ఉన్న పెద్ద తేడా ఇదే. నివాళి అర్పించడంతో మొదటి బ్యాండు పని పూర్తయింది. రెండో బ్యాండు పెట్టుకున్న పని పూర్తయిందని చెప్పగల రోజంటూ ఏదీ ఉండదు, ఎందుకంటే మత్తుకు దూరంగా ఉండటమనేది మనిషి ప్రతి రోజూ కొత్తగా మొదలుపెట్టుకోవలసిన పని.

1994లో పర్ల్ జామ్ తన మూడో ఆల్బమ్ ‘వైటాలజీ’ని సిద్ధం చేస్తోంది. తాగుడుతోనూ మాదకద్రవ్యాలతోనూ సతమతమవుతున్న మెక్‌క్రెడీ మిన్నెసోటా రాష్ట్రంలోని హేజెల్‌డెన్ పునరావాస కేంద్రంలో చేరాడు. అక్కడ జాన్ బేకర్ సాండర్స్ పరిచయమయ్యాడు. 1954లో పుట్టిన సాండర్స్ మెక్‌క్రెడీ కంటే పదకొండేళ్లకు పైగా పెద్దవాడు. షికాగో బ్లూస్ సంప్రదాయంలో ఆరితేరిన బాస్ గిటారిస్టు. సియాటిల్‌కు తిరిగి వచ్చాక వీళ్లిద్దరూ స్క్రీమింగ్ ట్రీస్ డ్రమ్మరు బారెట్ మార్టిన్‌ను కలుపుకొని సాధన మొదలుపెట్టారు. తొలి సాధనల్లోనే రెండు పాటలకు సంగీతం తయారైంది. ‘వేకప్’, ‘రివర్ ఆఫ్ డిసీట్’గా తర్వాత అందరికీ తెలిసిన పాటలు అవే. అప్పుడు మెక్‌క్రెడీ ఆలిస్ ఇన్ చైన్స్ గాయకుడు లేన్ స్టేలీని పిలిచాడు.

స్టేలీకి అప్పుడు 27 ఏళ్లు. ఆ ఏడాది జనవరిలో విడుదలైన ఆలిస్ ఇన్ చైన్స్ ‘జార్ ఆఫ్ ఫ్లైస్’, బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టిన తొలి ఈపీగా (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) చరిత్రకెక్కింది. అదే ఏడాది వేసవిలో మెటాలికాతో కలిసి చేయవలసిన ప్రదర్శనలను ఆ బ్యాండు రద్దు చేసుకుంది. కారణం స్టేలీ మళ్లీ హెరాయిన్‌లోకి జారిపోవడం. బ్యాండు పని ఆగిపోయింది. అంటే, పేరు ప్రతిష్ఠలు అంత ఎత్తున ఉన్న సమయంలో ఆయనకు చేతిలో పని లేదు, చుట్టూ తనను కనిపెట్టుకుని ఉండే దినచర్య లేదు.

మెక్‌క్రెడీ ఆలోచన ఇక్కడే జాగ్రత్తగా గమనించదగ్గది. మత్తు మానేసిన సంగీతకారుల మధ్య కొన్నాళ్లు ఉంటే స్టేలీ కూడా మానేస్తాడేమోనని ఆయన ఆశించాడు. తాను ఆదర్శంగా నిలిచి దారి చూపించగలనని అనుకోవడం పొరపాటని తర్వాతి కాలంలో ఆయనే ఒప్పుకున్నాడు. కానీ దాన్ని స్నేహితుడి అమాయకత్వంగా కొట్టిపారేయడం సరికాదు. హేజెల్‌డెన్ తరహా చికిత్సకు పునాది పన్నెండు మెట్ల పద్ధతి. బాధితులు గుంపుగా కూర్చుని, ఒకరి అనుభవాన్ని ఒకరు విని, ముందు బయటపడినవాళ్లు వెనక ఉన్నవాళ్లకు చేయందించడం ఆ పద్ధతిలో ముఖ్యమైన భాగం. మెక్‌క్రెడీ అక్కడ నేర్చుకున్నదాన్ని తనకు తెలిసిన ఏకైక రూపంలోకి, అంటే బ్యాండులోకి, తెచ్చాడు. మ్యాడ్ సీజన్‌ను అలాంటి సమావేశానికి కొనసాగింపుగా చూస్తే దాని సంగీతంలో అంతుచిక్కని విషయాలు చాలా వాటంతటవే విడిపోతాయి.

మొదటిది స్వేచ్ఛ. పాటలన్నీ నీవే రాసుకో, గాయకుడివి నీవే, నీకు నచ్చినట్టు చెయ్యి అని మెక్‌క్రెడీ స్టేలీకి చెప్పాడు. ఆలిస్ ఇన్ చైన్స్‌లో ఆ పరిస్థితి లేదు. అక్కడ పాటల నిర్మాణంలో గిటారిస్టు జెర్రీ కాంట్రెల్‌ది పెద్ద చెయ్యి. ఆ బ్యాండుకు ప్రత్యేకత తెచ్చిన జంట గొంతుల్లో ఒకటి కాంట్రెల్‌దే. మ్యాడ్ సీజన్‌లో స్టేలీ గొంతుకు తోడు చాలాచోట్ల స్టేలీ గొంతే. సాహిత్యం దాదాపు పూర్తిగా ఆయన బాధ్యత. ఆల్బమ్ ముఖచిత్రం గీసింది కూడా ఆయనే.

రెండోది వేగం. 1994 అక్టోబర్ 12న క్రోకడైల్ కెఫేలో ముందస్తు ప్రకటన లేకుండా మొదటి ప్రదర్శన ఇచ్చేనాటికి ఆ బ్యాండుకు పేరు లేదు, పూర్తయిన పాట ఒక్కటీ లేదు. సాధనలో పుట్టిన బాణీలే వేదిక మీద రూపం దిద్దుకున్నాయి. తర్వాత కొన్నాళ్లు ‘ది గేసీ బంచ్’ అన్న పేరుతో నడిచి, ఆల్బమ్ నాటికి మ్యాడ్ సీజన్ అయింది. సియాటిల్‌లోని బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలో, పర్ల్ జామ్ సౌండ్ ఇంజినీరు బ్రెట్ ఎలియాసన్‌తో కలిసి బ్యాండే నిర్మాణ బాధ్యత తీసుకుంది. సంగీతమంతా సుమారు ఏడు రోజుల్లో పూర్తయిందని, స్టేలీ గానానికి ఇంకొన్ని రోజులు పట్టిందని, అంతకుముందు తాము చేసిన సాధనలు రెండే, ప్రదర్శనలు నాలుగేనని మెక్‌క్రెడీ చెప్పాడు.

విడుదలకు ఒప్పందాల చిక్కు పెద్దగా లేకపోవడం కూడా ఈ వేగానికి తోడ్పడి ఉంటుంది. ఆలిస్ ఇన్ చైన్స్ కొలంబియా సంస్థలో, పర్ల్ జామ్, స్క్రీమింగ్ ట్రీస్ ఎపిక్‌లో ఉండేవి. రెండు సంస్థలూ సోనీవే. వేర్వేరు యజమానుల కింద ఉన్న సంగీతకారులు కలిసి పాడాలంటే నెలల తరబడి న్యాయవాదుల మధ్య ఉత్తరాలు నడిచే రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. 1995 మార్చి 14న ‘అబౌ’ (Above) అన్న పేరుతో కొలంబియా ఆ ఆల్బమ్‌ను విడుదల చేసింది.

పది పాటలు, సుమారు 55 నిమిషాలు. మొదటి పాట ‘వేకప్’ ఏడున్నర నిమిషాలకు పైగా నడుస్తుంది. గ్రంజ్, అంటే ఆ రోజుల సియాటిల్ రాక్, అనగానే గుర్తొచ్చే బరువైన గిటార్ మోత కోసం వేచి ఉండేవాళ్లకు అక్కడ సాండర్స్ బాస్ గిటార్ మీద నిదానంగా పలికించే నాలుగు స్వరాల నడక, దాని పక్కన మార్టిన్ వైబ్రఫోన్ అనే లోహపు పట్టీల వాద్యం మీద విడిచే చుక్కలు వినిపిస్తాయి. రాక్ బ్యాండులో బాస్ గిటార్ సాధారణంగా అడుగున ఉండి బరువు మోస్తుంది. ఇక్కడ అది ముందు నడుస్తుంది. బ్లూస్ వాయించేవాళ్లకు ఏ స్వరాన్ని ఎక్కడ వదిలేయాలో తెలుసు. ఆ విచక్షణే ఆల్బమ్ మొత్తానికి ఊపిరి తీసుకునే చోటు ఇచ్చింది. మార్టిన్ కూడా డ్రమ్స్‌తో ఆగలేదు. వైబ్రఫోన్, మరింబా, చెల్లో, డబుల్ బాస్ కూడా ఆయనే వాయించాడు. మెక్‌క్రెడీ గిటార్ పర్ల్ జామ్‌లో కంటే ఇక్కడ ఎక్కువ సేపు మౌనంగా ఉంటుంది. పలికినప్పుడు మాత్రం పొడవైన వాక్యాల్లా పలుకుతుంది. ‘ఐ డోంట్ నో ఎనీథింగ్’ లాంటి మొరటు రాక్ పాటలూ ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ ఆల్బమ్ బలం వాటిలో లేదు. ‘ఆర్టిఫీషియల్ రెడ్’లో నిదానపు బ్లూస్, ‘లాంగ్ గాన్ డే’లో సాక్సఫోన్, చేతి వాద్యాలతో జాజ్ వైపు ఒరిగిన నడక, ‘నవంబర్ హోటల్’లో మాటలే లేని వాద్యసంగీతం, ఇవన్నీ పర్ల్ జామ్, ఆలిస్ ఇన్ చైన్స్, స్క్రీమింగ్ ట్రీస్‌లలో అరుదుగా వినిపించేవి.

‘లాంగ్ గాన్ డే’, ‘ఐయామ్ అబౌ’ పాటల్లో స్క్రీమింగ్ ట్రీస్ గాయకుడు మార్క్ లానెగన్ గొంతు కలిపాడు. లానెగన్‌ది కింది స్థాయిలో గరగరలాడే గొంతు. స్టేలీది ముక్కునుంచి పైకి లేచి సన్నగా చీరుకుపోయే గొంతు. పాత స్నేహితులతో గడిపిన ఒక వేసవిని తలచుకుంటూ, అది తనకొక్కడికే గుర్తుందా అని అడిగే ‘లాంగ్ గాన్ డే’లో ఈ రెండు గొంతులూ ఒకదానికొకటి జవాబు చెప్పుకోకుండా పక్కపక్కనే నడుస్తాయి. ఆల్బమ్‌లో ఒక్క పాటే వినే తీరిక ఉన్నవారు వినవలసింది ఇదే.

సాహిత్యం దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆ రోజుల్లో స్టేలీ ఖలీల్ జిబ్రాన్ ‘ది ప్రాఫెట్’ చదువుతుండేవాడని మార్టిన్ చెప్పాడు. కాళోజీ నారాయణరావు ‘జీవన గీత’గా తెలుగులోకి తెచ్చిన పుస్తకం అదే కాబట్టి, ఇక్కడి పాఠకులకు ఆ ప్రవక్త కొత్తవాడు కాడు. అందులో బాధ గురించి ఒక స్త్రీ అడిగినప్పుడు, మీ బాధలో చాలా భాగం మీరు ఎంచుకున్నదే అంటాడు ప్రవక్త. ఆ వెంటనే, అది మీ లోపలి వైద్యుడు మీ రోగానికి ఇచ్చే చేదు మందు అని ఓదారుస్తాడు. ‘రివర్ ఆఫ్ డిసీట్’లో స్టేలీ ఈ మాటలో మొదటి సగాన్నే తీసుకున్నాడు. నా బాధ నేనే ఎంచుకున్నదని మొదలుపెట్టి, కనీసం ప్రవక్త అలా అంటాడని చేర్చాడు. జిబ్రాన్ ‘చాలా భాగం’ అన్నచోట స్టేలీ మొత్తం బాధను తన నెత్తిన వేసుకున్నాడు. ఆ లోపలి వైద్యుడు పాటలోకి రానేలేదు. కానీ ‘ప్రవక్త అలా అంటాడు’ అనడంలో, ఆ తీర్పును తాను పూర్తిగా నమ్మలేకపోతున్నానన్న సందేహం కూడా దాగి ఉంది. వ్యసనం స్వయంకృతమా, రోగమా అన్న ప్రశ్నను ఇంత క్లుప్తంగా, ఇంత నిజాయితీగా నిలబెట్టిన రాక్ పాటలు అరుదు. ఆ పాటే బిల్‌బోర్డ్ మెయిన్‌స్ట్రీమ్ రాక్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. ‘వేకప్’లోనైతే స్టేలీ తనతో తానే మాట్లాడుకుంటాడు. నిద్ర లేవమంటాడు, నెమ్మదిగా సాగే ఆత్మహత్య దారి కాదంటాడు, పదేళ్లుగా పేరుకుపోయినదాన్ని ఊడ్చుకోమంటాడు. పునరావాస కేంద్రంలో వృత్తంగా కూర్చున్నవారి మధ్య ఒకరు లేచి చెప్పే మాటల్లాగే ఉంటాయవి. వినేవాళ్లు మధ్యలో అడ్డు రాకుండా విన్నట్టే, ముగ్గురు వాద్యకారులూ ఆ గొంతుకు అడ్డు రాకుండా వాయించారు.

ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 24వ స్థానానికి చేరింది. అమెరికాలో 5 లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు కొన్ని నెలల్లోనే వచ్చింది. 1995 ఏప్రిల్ 29న సియాటిల్ మూర్ థియేటర్‌లో ఇచ్చిన ప్రదర్శనను చిత్రీకరించి ఆ ఏడాదే వీడియోగా విడుదల చేశారు. 1907లో కట్టిన ఆ థియేటర్‌లోనే 1990 డిసెంబర్‌లో ఆలిస్ ఇన్ చైన్స్ తన ప్రదర్శన వీడియో చిత్రీకరించుకుంది. 1992 జనవరిలో పర్ల్ జామ్ తన ప్రసిద్ధమైన పాటల్లో ఒకదానికి దృశ్యాలు తీసుకుంది. రెడ్‌మండ్, బెల్వ్యూ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు వారాంతాల్లో సియాటిల్ నడిబొడ్డుకు వెళితే దాని ముందు నుంచే నడిచిపోతుంటారు.

ఆ తర్వాత బ్యాండు ఎందుకు సాగలేదన్నదానికి మామూలుగా చెప్పే జవాబు, సభ్యులు తమ సొంత బ్యాండ్లకు తిరిగి వెళ్లిపోయారని. అది నిజమే. 1995 వసంతం నుంచి వేసవి దాకా ఆలిస్ ఇన్ చైన్స్ కొత్త ఆల్బమ్ రికార్డింగ్ జరిగింది, అదీ బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలోనే. నవంబర్‌లో విడుదలై నేరుగా మొదటి స్థానంలో నిలిచింది. పర్ల్ జామ్‌కు ప్రదర్శనలు ఉన్నాయి. స్క్రీమింగ్ ట్రీస్ 1996లో వచ్చిన ‘డస్ట్’ పనిలో పడింది. కానీ తీరిక లేకపోవడమే అసలు కారణమైతే రెండేళ్ల తర్వాతైనా తీరిక దొరికేది. సైడ్ ప్రాజెక్టును నడిపించే శక్తి ఏదీ బయట ఉండదు. ప్రధాన బ్యాండు వెనక ఒప్పందాలు, మేనేజర్లు, నెలల ముందే ఖరారైన పర్యటనలు, వాటి మీద ఆధారపడి బతికే సిబ్బంది ఉంటారు. సభ్యుల మనసులు విరిగినా ఆ యంత్రాంగం కొన్నేళ్లు లాక్కుపోతుంది. మ్యాడ్ సీజన్‌ను నడిపింది నలుగురి ఇష్టం మాత్రమే. స్టేలీ మీద ఒత్తిడి లేకపోవడం వల్లే ఆ పాటలు అలా వచ్చాయి. ఒత్తిడి లేకపోవడం వల్లే, ఆయన రానన్నప్పుడు రప్పించగలిగేది కూడా ఏదీ లేకపోయింది.

1997 ప్రాంతంలో మెక్‌క్రెడీ, మార్టిన్, సాండర్స్ రెండో ఆల్బమ్ కోసం పదిహేనుకు పైగా పాటలకు సంగీతం సిద్ధం చేశారు. స్టేలీ ముందుకు రాలేదు. ఆలిస్ ఇన్ చైన్స్‌తో కూడా ఆయన చివరి ప్రదర్శన 1996 జులై 3న కాన్సస్ సిటీలో ముగిసిపోయింది. లానెగన్ గాయకుడిగా, ‘డిసిన్ఫర్మేషన్’ అన్న కొత్త పేరుతో ముందుకు వెళ్లాలని అనుకున్నారు. అదీ సాగలేదు. 1999 జనవరి 15న సాండర్స్ హెరాయిన్ మోతాదు మించి చనిపోయాడు.

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది తేలిగ్గా దాటేసే మరణం ఇది. మ్యాడ్ సీజన్ అనగానే అందరి దృష్టీ స్టేలీ మీదికి పోతుంది. 2002 ఏప్రిల్ 5న సియాటిల్‌లోని తన ఇంట్లో ఆయన చనిపోయాడు, రెండు వారాల తర్వాత ఏప్రిల్ 19న గాని ఎవరికీ తెలియలేదు. ఆ విషాదం ముందు మిగిలినవన్నీ చిన్నవైపోతాయి. కానీ బ్యాండు నలుగురిలో మొదట పోయింది రక్షించాలనుకున్న మనిషి కాదు. పునరావాస కేంద్రంలో కోలుకుని, రక్షించే బృందంలో ఉన్న మనిషి. ఒకడు పడిపోయాడు, మిగిలినవాళ్లు నిలబడ్డారు అనే కథా నిర్మాణమే ఇక్కడ పొరపాటు. నల్లమందు జాతి మత్తు పదార్థాలకు అలవాటుపడిన శరీరం కొన్నాళ్లు వాటికి దూరంగా ఉంటే తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడైనా తిరిగి పాత మోతాదే తీసుకుంటే అది ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల మానేసిన తర్వాతి కాలం కూడా ప్రమాదకరమైనదే. సాటివారి తోడు అవసరమే, కానీ వైద్యం లేకుండా అదొక్కటే చాలదన్న అవగాహన ఆ రోజుల్లో సంగీతకారుల మధ్యే కాదు, చికిత్సా కేంద్రాల్లో కూడా తక్కువే. హెరాయిన్‌కు బదులుగా మందు ఇచ్చే మెథడోన్ చికిత్స అప్పటికే ఉంది గానీ దానికి ప్రత్యేక క్లినిక్‌ల చుట్టూ తిరగాలి. డాక్టరు తన క్లినిక్‌లోనే రాసివ్వగలిగే బ్యూప్రెనార్ఫిన్ మాత్రలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యసన చికిత్స కోసం అనుమతి ఇచ్చింది 2002 అక్టోబర్‌లో. అప్పటికి స్టేలీ పోయి ఆరు నెలలైంది. మెక్‌క్రెడీ చేయగలిగినది చేశాడు. అది సరిపోకపోవడానికి కారణాన్ని స్నేహంలో వెతకడం అన్యాయం.

రెండో ఆల్బమ్ కోసం సిద్ధమైన సంగీతం చాలాకాలం అలాగే ఉండిపోయింది. 2013 ఏప్రిల్‌లో ‘అబౌ’ను అదనపు సామగ్రితో మళ్లీ విడుదల చేసినప్పుడు, వాటిలో మూడింటికి లానెగన్ కొత్తగా మాటలు రాసి పాడాడు. ఒకదానికి సంగీతంలో ఆర్.ఇ.ఎం. గిటారిస్టు పీటర్ బక్ చెయ్యి కూడా ఉంది. 2015 జనవరి 30న సియాటిల్ బెనరోయా హాల్‌లో సియాటిల్ సింఫనీ వాద్యబృందంతో కలిసి మెక్‌క్రెడీ, మార్టిన్ ఈ పాటలను వాయించారు. సాండర్స్ స్థానంలో గన్స్ అండ్ రోజెస్‌కు చెందిన డఫ్ మెకేగన్ బాస్ గిటార్ అందుకున్నాడు. స్టేలీ పాటలను క్రిస్ కార్నెల్ పాడాడు. కార్నెల్ గొంతు శక్తిమంతమైనది, ఆ రాత్రి పాటలకు న్యాయం చేసింది కూడా. కానీ వాద్యబృందం నిండుగా మోగినప్పుడు ‘అబౌ’లోని ఖాళీలు పూడిపోయాయి. ఆ ఖాళీలే ఈ పాటల అందం కాబట్టి, కొత్త రూపం గొప్పగా ఉన్నా పాతదానికి బదులు కాలేకపోయింది.

లానెగన్ పాడిన మూడు పాటల సంగతి వేరు. అవి బాగున్నాయి, ముఖ్యంగా వాటిలో సాండర్స్ బాస్ గిటార్ వాదన మునుపటంత స్పష్టంగా వినిపిస్తుంది. అయితే స్టేలీ పాటల్లో లోపలి నుంచి జరిగే పోరాటం వినిపిస్తే, లానెగన్ పాటల్లో దాన్ని దాటి వచ్చినవాడు వెనక్కి తిరిగి చూస్తూ చెప్పే కథ వినిపిస్తుంది. తానూ ఆ వ్యసనంలో ఏళ్లు గడిపి బయటపడిన మనిషి ఆయన. పదిహేనేళ్ల తర్వాత పాడుతున్నాడు గనుక అలా వినిపించడం సహజం. 1997లో అనుకున్నట్టు వాటిని డిసిన్ఫర్మేషన్ అన్న పేరుతోనే విడిగా విడుదల చేసి ఉంటే, మరో మంచి సైడ్ ప్రాజెక్టు మొదటి పాటలుగా వాటికి దక్కవలసిన వినికిడి దక్కేది. ‘అబౌ’ పాటల తర్వాత వరుసగా వినిపించడం వల్ల అవి అనుబంధాలుగా మిగిలిపోయాయి.